జ్యోతిరాణి తేల్చిన సంఖ్య

మంచిర్యాల పక్కన నస్పూర్‌లో బొగ్గు కంపెనీ క్వార్టర్ల వైపు తిరిగే మలుపులో, పంక్చర్ దుకాణానికీ మందుల షాపుకీ మధ్య జ్యోతిరాణి ఇంటర్నెట్ సెంటర్ ఉంటుంది. హాల్‌టికెట్ల కోసం వచ్చే పిల్లలు, బస్‌పాసులకూ ఆదాయం సర్టిఫికెట్లకూ వచ్చేవాళ్లు, ఇంకా బతికే ఉన్నామని ఏడాదికోసారి వేలిముద్ర వేసి పోయే రిటైర్డ్ కార్మికులు. పొద్దున షట్టర్ లేపిన దగ్గర్నుంచి మనుషులు వస్తూ పోతూనే ఉంటారు. అందరికీ ఆమె జ్యోతక్క. ఇంటిపేరులో ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా దరఖాస్తు ముందుకు పంపదని ఆమెకు పేరు. కొందరు విసుక్కుంటారు. మళ్లీ ఆమె దగ్గరికే వస్తారు.

ఆ దుకాణంలో మూడు కంప్యూటర్లున్నాయి. రెండింటి మీద పని నడుస్తుంది. మూడోది గోడ మూలకు ఉంటుంది, దాని ముందు కుర్చీ కూడా ఉండదు. పగలూ రాత్రీ అది తిరుగుతూనే ఉంటుంది. నస్పూర్ వాళ్లు జ్యోతిరాణి పేరు చెప్పుకుని ఛాతీ విరుచుకునే రోజు వచ్చిందంటే ఆ మూల కంప్యూటర్ వల్లే.

జ్యోతిరాణి తండ్రి కైలాసం డ్రిల్లింగ్ క్యాంపుల్లో పనిచేసినవాడు. బొగ్గు తవ్వేవాళ్ల గురించి అందరికీ తెలుసు. తవ్వకముందు అది ఎక్కడుందో చూసేవాళ్ల గురించి బొగ్గు ఊళ్లలోనే చాలామందికి తెలియదు. అడవి అంచునో, పత్తిచేల మధ్యనో, వాగు పక్కనో రిగ్గు నిలబెట్టి భూమిలోకి వందల మీటర్ల లోతుకు సన్నటి బోరు వేస్తారు. లోపలి రాయి గుండ్రటి కడ్డీలుగా పైకి వస్తుంది. దాన్ని వచ్చిన వరసలోనే పొడుగాటి పెట్టెల్లో పేర్చి, ఏ లోతులో ఏం తగిలిందో రాసిపెడతారు. అక్కడ పనైపోతే క్యాంపు ఎత్తేసి మరోచోటికి పోవాలి. జ్యోతిరాణి చదువు ఆ క్యాంపుల వెంబడే నడిచింది. కొన్నాళ్లు చెన్నూరు, కొన్నాళ్లు ఆసిఫాబాద్, మధ్యలో బెల్లంపల్లిలో అమ్మమ్మ ఇల్లు. బడి మారినప్పుడల్లా స్నేహాలు మొదటినుంచీ మొదలుపెట్టుకోవాలి, పాఠాలు సగంలోంచి అందుకోవాలి. లెక్కలు ఒక్కటే ఎక్కడికి పోయినా తెలిసిన మనిషిలా పలకరించేవి. అందుకే వాటితో ఆమెకు చనువు పెరిగింది.

సాయంత్రం తండ్రి మట్టికొట్టుకుపోయిన కాళ్లు కడుక్కుంటుంటే చెంబుతో నీళ్లు పోస్తూ అడిగేది.

“బొగ్గు పడ్డదా బాపూ?”

“పడలే బిడ్డా.”

“గిన్ని దినాలు ఏసినంక పడకుంటే ఎట్ల?”

“ఎట్లేంది? పడలేదని రాసినం. రేపటి సంది ఇంకో జాగ.”

చిన్నప్పుడు ఆమెకు ఆ జవాబు బొత్తిగా నచ్చేది కాదు. అన్నాళ్ల కష్టం ఉత్తదే అయిపోయింది గదా అనిపించేది. తండ్రి ముఖంలో మాత్రం ఓడిపోయిన మనిషి ఎప్పుడూ కనిపించేవాడు కాదు.

డిగ్రీకి మంచిర్యాలలో చేరింది. అక్కడ లెక్కలు చెప్పేది తారాబాయి మేడం. ఆదిలాబాద్ అవతల మహారాష్ట్ర సరిహద్దు ఊళ్లో పుట్టిన మనిషి, మాటలో మరాఠీ యాస తొంగిచూసేది. ఒకరోజు ఆమె సిలబస్ పక్కన పెట్టి బోర్డు మీద ఒక ఆట మొదలుపెట్టింది. రెండును రెండుసార్లు వేసి గుణించి ఒకటి తీసేస్తే మూడు. మూడుసార్లు వేసి ఒకటి తీసేస్తే ఏడు. అయిదుసార్లకు ముప్పై ఒకటి, ఏడుసార్లకు నూట ఇరవై ఏడు.

“వీటిల ఏం కనవడ్తుంది?” అని అడిగింది.

అన్నీ ప్రధాన సంఖ్యలే, అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా తెగని సంఖ్యలు. రెండు, మూడు, అయిదు, ఏడు కూడా ప్రధాన సంఖ్యలే. అయితే తరువాతి ప్రధాన సంఖ్య పదకొండు గనుక, రెండును పదకొండుసార్లు వేసి ఒకటి తీసేస్తే వచ్చేది కూడా తెగదని క్లాసంతా ఒక్క గొంతుతో అన్నది. రెండు వేల నలభై ఏడు. మేడం చాక్‌పీసు బల్ల మీద పెట్టి నిలబడింది. జ్యోతిరాణి చివరి పేజీలో భాగహారాలు చేసుకుంటూ పోయింది. ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు, పంతొమ్మిది. ఇరవై మూడు దగ్గర తెగింది.

“ఇరవై మూడు ఎనభై తొమ్మిదులు మేడం!” అని అరిచినంత పని చేసింది.

“శబాష్. ఇగ ఈ ఇరవై మూడును సూడు. పదకొండును రెండుతో గుణించి ఒకటి కలిపితే అదే. ఎనభై తొమ్మిదేమో పదకొండును ఎనిమిదితో గుణించి ఒకటి కలిపితే వస్తది. ఈ జాతి సంఖ్యలు తెగితే గిట్లాంటివాటితోనే తెగుతయి, వేరేవాటికి లొంగవు. పెద్దగైతున్న కొద్దీ తెగనివి మస్తు అరుదు. ఎప్పటికీ దొరుకుతనే ఉంటయా, ఎక్కడన్నా ఆఖరైతయా, లోకంల ఇంకా ఎవ్వరికీ తెల్వదు.”

లోకంలో ఎవరికీ తెలియనిది ఒకటుందని, అది మంచిర్యాలలో రేకుల కప్పు కింద కూర్చున్న తనకు కూడా అర్థమయ్యే భాషలో ఉందని తెలిసి జ్యోతిరాణి ఆ రోజు ఇంటిదాకా నడిచే వచ్చింది. బస్సు ఎక్కాలన్న ధ్యాసే లేకపోయింది.

డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీ సీటు వచ్చింది. అప్పటికే లక్ష్మణ్‌తో పెళ్లయింది. కూతురు నవత కడుపులో ఉంది. వచ్చే ఏడు చూద్దామనుకున్నారు. ఆ వచ్చే ఏడు రాలేదు. దాని గురించి ఆమె ఎక్కువ మాట్లాడదు. లక్ష్మణ్‌ది అండర్‌గ్రౌండ్‌లో పని, షిఫ్టులు మారుతుంటాయి. నవత కొంచెం పెద్దదయ్యాక దుకాణం తెరిచింది. అదీ బాగానే నడిచింది.

కరోనా ఏడు షట్టర్లన్నీ పడ్డాయి. కంప్యూటర్లు చెడిపోకుండా రోజూ పోయి కాసేపు నడిపించి వచ్చేది. అలా ఒకరోజు, తారాబాయి మేడం చెప్పిన సంఖ్యలు ఇప్పుడు ఎందాకా పోయాయో చూద్దామనిపించి వెతికింది. చూస్తే ప్రపంచమంతటా వేలమంది కలిసి వాటినే పరీక్షిస్తున్నారు. ఎవరైనా చేరవచ్చు. మన కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం పెట్టుకుంటే చాలు, వాళ్లు ఒక సంఖ్యను అప్పజెబుతారు, అది తెగేదో తెగనిదో తేల్చి చెప్పాలి. జ్యోతిరాణి ఆలోచించలేదు. మూలనున్న కంప్యూటర్‌ను ఆ పనికి ఇచ్చేసింది.

ఆమెది పాత మెషిన్ గనుక ఆమెకు కొత్త సంఖ్యలు రాలేదు. ఎన్నో ఏళ్ల కింద ఎవరో ఒకసారి పరీక్షించి “ఇది ప్రధాన సంఖ్య కాదు” అని చెప్పినవాటిని రెండోసారి పరీక్షించే పని వచ్చింది. మొదటివాళ్లు ఏం చేశారో చూడకుండా మొత్తం మళ్లీ మొదటినుంచి చేయాలి. చివరికి మిగిలిన శేషం ఇద్దరిదీ ఒక్కటే అయితేనే ఆ సంఖ్య సంగతి తేలినట్టు.

“దొరకదని తెల్సినదాన్నే మళ్లెందుకు సూసుడు?” అన్నాడు లక్ష్మణ్.

“తెల్వలే. ఒక్కలు చెప్పిన్రు, అంతే.”

“ఒక్కలు చెప్తే సాలదా?”

“నువ్వు గనిల దిగేటప్పుడు పైకప్పు ఒక్కలు సూసి బాగుందంటే దిగుతవా?”

లక్ష్మణ్ నవ్వేశాడు. ఆ తరువాత మళ్లీ అడగలేదు. పైగా ఎండాకాలం రాకముందే ఆ కంప్యూటర్ వెనక్కి ఒక చిన్న ఫ్యాన్ బిగించి పెట్టాడు.

మొదట ఇచ్చిన సంఖ్యలు సజావుగా పోయాయి. శేషాలు కలిశాయి. దుకాణానికి వచ్చేవాళ్లకు మాత్రం ఆ మూల మీద కుతూహలం పోలేదు. పెన్షన్ కోసం వేలిముద్ర వేయడానికి వచ్చిన శంకరవ్వ ఒకసారి పనైపోయినా లేవకుండా అటే చూస్తూ కూర్చుంది. ఆమె భర్త బెల్లంపల్లి గనుల్లో చేసి పోయిన మనిషి.

“ఎవ్వలు కూసోరు, ఎవ్వలు ముట్టరు. గా డబ్బ ఎప్పుడు సూసినా బుస్సుబుస్సుమంటనే ఉంటదేంది బిడ్డా?”

“లెక్క చేస్తుంది పెద్దమ్మా.”

“ఎవ్వలదీ?”

“ఎవ్వలది కాదు. ఒక పెద్ద సంఖ్య ఉన్నది. దాన్ని సమానంగ పంచ వస్తదా, రాదా అని సూస్తుంది.”

“రాకుంటే?”

“రాదని తెలుస్తది.”

“వస్తే?”

“వస్తదని తెలుస్తది.”

శంకరవ్వ కాసేపు ఆలోచించింది. “అంటే నేను బతికున్ననా లేదా అని ఏడాదికోపారి సూస్తరు సూడు, గట్లనే అన్నట్టు” అని లేచి పోయింది. ఇంతకంటే బాగా తాను కూడా చెప్పలేనని జ్యోతిరాణికి అనిపించింది.

ఆ చలికాలంలో ఆమెకు ఇంకో సంఖ్య వచ్చింది. రెండును అయిదు కోట్లసార్లకు పైగా వేసి గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది. రాస్తే దాదాపు కోటీ అరవై లక్షల అంకెలు. పుస్తకంగా అచ్చేస్తే బీరువాలో ఒక అర నిండిపోయి ఇంకా మిగిలేటన్ని సంపుటాలవుతాయి. అంత సంఖ్యను ఇరవై మూడుతోనో ఎనభై తొమ్మిదితోనో భాగిస్తూ పోతే మనిషి ఆయుష్షు కాదు, భూమి ఆయుష్షు చాలదు. అందుకని ఈ జాతి సంఖ్యలకు మాత్రమే పనిచేసే ఒక పరీక్ష ఉంది. నాలుగుతో మొదలుపెట్టాలి. వర్గం చేసి రెండు తీసేయాలి. వచ్చినదాన్ని మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. మళ్లీ వర్గం, మళ్లీ రెండు తీసివేత, మళ్లీ శేషం. చివరి అడుగులో సున్నా మిగిలితే ప్రధాన సంఖ్య, మిగలకపోతే కాదు. ముప్పై ఒకటికి అయితే చేత్తోనే చేయొచ్చు. నాలుగు, పద్నాలుగు, ఆ తరువాత నూట తొంభై నాలుగులో శేషం ఎనిమిది, ఆ తరువాత అరవై రెండు. అరవై రెండులో ముప్పై ఒకటి సరిగ్గా రెండుసార్లు పోతుంది, సున్నా. ఈ పెద్దదానికి అదే పనిని కోట్లసార్లు చేయాలి. మధ్యలో ఎక్కడ ఒక్క అంకె జారినా ఆ తరువాతిదంతా తప్పే. తప్పని బయటికి తెలియదు కూడా.

కంప్యూటర్ పాతది, మధ్యలో కరెంటు కోతలు, యూపీఎస్ మీద కాసేపు, ఆపి మళ్లీ మొదలు. అలా సాగి సాగి ఎండాకాలంలోకి వచ్చింది. ఆ ఏడు మంచిర్యాల ఎండలు ఎప్పటిలాగే నిప్పులు చెరిగాయి. లారీలు పోయినప్పుడల్లా లేచే బొగ్గు దుమ్ము కీబోర్డుల మీద నల్లటి పొరగా కూర్చునేది. జ్యోతిరాణి రోజూ పొద్దున బ్రష్షుతో ఆ మెషిన్ జాలీ దులిపేది. మధ్యాహ్నాలు కూలర్ తన వైపు నుంచి దాని వైపు తిప్పి, తాను చీర కొంగుతో విసురుకునేది.

మే నెల మధ్యలో వానతో గాలిదుమారం వచ్చింది. ముందు రేకు ఒకటి లేచి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఫస్టు షిఫ్టు దిగి వస్తున్న లక్ష్మణ్ దారిలోనే సైకిల్ స్టాండు మీద కట్టిన టార్పాలిన్ అడిగి పట్టుకొచ్చాడు. ఇద్దరూ కలిసి మూల కంప్యూటర్ మీద గుడారంలా పట్టుకుని నిలబడ్డారు. వాన వెలిసేదాకా అట్లనే నిలబడ్డారు. జెరాక్స్ మెషిన్ తడిసింది. దాన్ని చూసుకోవాలన్న ఆలోచనే ఇద్దరికీ రాలేదు.

అదైన కొన్ని రోజులకే పరీక్ష పూర్తయింది. సున్నా రాలేదు. రాదని ముందే అనుకున్నదే. శేషం ఆఖరి ముక్క, అంకెలూ అక్షరాలూ కలిపి పదహారు గుర్తులు, పంపింది. కాసేపటికి జవాబు వచ్చింది. మొదటివాళ్ల శేషంతో కలవలేదు.

జ్యోతిరాణి ఆ రెండు శేషాలనూ మళ్లీ పక్కపక్కన పెట్టి చూసింది. ఇద్దరూ ప్రధాన సంఖ్య కాదనే అన్నారు. కానీ ఇద్దరి శేషాలూ ఒక్కటి కాలేదంటే ఒకరి లెక్క ఎక్కడో జారింది. జారిన లెక్క చెప్పే మాటకు విలువ లేదు. ఇక మూడోవాళ్లు ఎవరో వేరే మెషిన్ మీద మొత్తం మళ్లీ చేయాలి. అప్పటిదాకా ఆ సంఖ్య పక్కన ఏమీ తేలనట్టే ఉంటుంది.

“మన డబ్బ పాతదాయె. ఎండ, దుమ్ము, గా దుమారం. ఎక్కడన్నా తప్పుంటది తియ్యి” అన్నాడు లక్ష్మణ్, ఓదార్చుదామనే.

ఆ మాటకు ఆమెకు ఏడుపొచ్చింది. అన్నాళ్లు బ్రష్షుతో దులిపిన జాలీ, తిప్పిన కూలర్, పట్టుకున్న టార్పాలిన్ అన్నీ గుర్తొచ్చాయి. మర్నాడు మెషిన్ విప్పి మొత్తం శుభ్రం చేసింది. జవాబు ముందే తెలిసిన చిన్న సంఖ్యలను ఇచ్చి పరీక్షించింది. ఒక్కటీ తప్పు చెప్పలేదు. అయినా మనసు కుదుటపడలేదు. ఇవాళ సరిగ్గా చేసినంత మాత్రాన ఆ రోజు జారలేదని ఎట్లా చెప్పగలదు?

ఆ ఆదివారం కైలాసం బెల్లంపల్లి నుంచి వచ్చాడు. రిటైరయ్యాక అక్కడే ఉంటున్నాడు. కూతురు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోవడం చూశాడు.

“ఏమైంది బిడ్డా? పరేషానున్నవ్?”

చెప్పింది. తండ్రికి అర్థమవుతుందో లేదో అనుకుంటూనే మొదటినుంచి మొత్తం చెప్పింది. కైలాసం మధ్యలో ఒక్కసారే ఆపాడు.

“అంటే పక్కపక్కన రెండు బోర్లేస్తే రెండు తీర్ల వచ్చిందంటవ్?”

“గంతే బాపూ.”

“మాకు గట్ల శానాసార్లయింది. ఒక బోర్ల బొగ్గు పొర తగిలిందని వాళ్లు, మా దాంట్ల రాయే అని మేము.”

“అప్పుడేం జేసేటోళ్లు?”

“మూడోది ఏసేటోళ్లం.”

“అది వచ్చేదాంక?”

“అది వచ్చేదాంక నా పెట్టెలున్నది నేను మార్చ, వాళ్ల పెట్టెలున్నది వాళ్లు మార్చరు. ఒకపారి మాది నిల్చింది, ఒకపారి వాళ్లది నిల్చింది. గా పూటకు అందరం ఒక్క క్యాంపుల్నే బువ్వ తిన్నం.” అని చేయి కడుక్కుంటూ అడిగాడు, “నువ్వు మనసు పెట్టి చేసినవా, లేదా? గది చెప్పు.”

“చేసిన బాపూ.”

“అయితే ఫికర్ జెయ్యకు. మూడోది రానీ.”

మూడోది అంత తొందరగా రాలేదు. ఆమె మరో సంఖ్య అడిగి తీసుకుని పని మొదలుపెట్టింది. వానలు పడ్డాయి. కాలేజీల అడ్మిషన్ల గిరాకీతో దుకాణం కిటకిటలాడింది. రోజుకోసారి మాత్రం ఆ పాత సంఖ్య పేజీ తెరిచి చూసేది. ఏమీ ఉండేది కాదు. మూసేసేది.

ఒకరోజు పొద్దున్నే, ఒక పిల్లవాడి టెన్త్ మెమో జెరాక్స్ తీస్తూ అలవాటుగా తెరిచింది. మూడో శేషం వచ్చి ఉంది. మొదటి అక్షరం చూసింది. రెండోది చూసింది. వేలు పెట్టి ఒక్కొక్కటే చివరిదాకా పోల్చింది. అన్నీ తనవే. ఎక్కడో ఏ దేశంలోనో, తన పేరు కూడా తెలియని మనిషి మెషిన్ మీద మళ్లీ మొదటినుంచి జరిగిన కోట్ల అడుగుల లెక్క, నస్పూర్ మలుపులో దుమ్ము మధ్య జరిగిన లెక్క దగ్గరికే వచ్చి ఆగింది.

జ్యోతిరాణి కేక పెట్టలేదు. మెమో తీసి ఇచ్చింది. పిల్లవాడు పోయాక బయటికి వచ్చి సన్నటి తుప్పరలో నిలబడి తండ్రికి ఫోన్ చేసింది.

“మూడోది వచ్చింది బాపూ.”

“ఎవ్వలదానితో కల్సింది?”

“నాదానితో.”

“మొత్తం?”

“ఆఖరి అక్షరం దాంక.”

“జర లైన్ల ఉండు” అన్నాడు కైలాసం. ఫోన్ చేతిలో పట్టుకునే వాకిట్లోకి పోయి పక్కింటి మనిషిని పిలిచి, “మా జ్యోతిది నిల్చింది” అని చెప్పడం ఆమెకు వినిపించింది. ఏది నిలిచిందో, ఎందులో నిలిచిందో ఆ మనిషికి ఏం తెలుసు! అయినా అతను “మంచిగైంది, మంచిగైంది” అంటున్నాడు.

లక్ష్మణ్ ఆ వార్త గనిలోకి పట్టుకుపోయాడు. షిఫ్టు దిగేలోపు అది రకరకాలుగా మారింది. సాయంత్రం దుకాణానికి వచ్చినవాళ్లు “అక్కా, విదేశపోళ్ల లెక్క తప్పని పట్టుకున్నవట గదా!” అన్నారు. ఆ మాట ఆమె ఒప్పుకోలేదు. వచ్చిన ప్రతివాళ్లకూ ఓపిగ్గా చెప్పింది.

“వాళ్ల తప్పు కాదు. వాళ్ల మెషిన్ ఎక్కడనో జర జారింది. రేపు నాది జారొచ్చు. నాది జారితే ఇంకొకలు పట్టుకుంటరు. అందుకే గద రెండుసార్లు చేసేది.”

“మరి గా సంఖ్య దొరికినట్టా, దొరకనట్టా?”

“ప్రధాన సంఖ్య కాదని తేలింది. నిన్నటి దాంక ఒక అనుమానం ఉండె. ఇప్పుడు లేదు.”

ఆ సంఖ్య పేజీలో, తేల్చినవాళ్ల పేర్లలో ఆమె పేరు ఇప్పటికీ ఉంది. దుకాణానికి పెట్టుకున్న పేరు కాదు, జ్యోతిరాణి అని తన పేరే. లక్ష్మణ్ ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకుని పెట్టుకున్నాడు. కంపెనీ బస్సులో పక్క సీటులో ఎవరు కూర్చున్నా చూపించేవాడు.

ఆ డిసెంబరులో కాలేజీవాళ్లు గణిత దినోత్సవానికి ఆమెను పిలిచారు. ఆమె చదివిన కాలేజీయే. తారాబాయి మేడం రిటైరై ఆదిలాబాద్‌లో ఉంది. కబురు తెలిసి బస్సెక్కి వచ్చి ముందు వరసలో కూర్చుంది. కైలాసం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, ముందుకు రమ్మన్నా రాకుండా వెనక తలుపు పక్కన కూర్చున్నాడు. జ్యోతిరాణి మైకు ముందు నిలబడింది. నేరుగా సంఖ్య గురించే మాట్లాడటం మొదలుపెట్టింది.

“ఈ సంఖ్యను మొత్తంగ నేను సూడలే. కోటీ అరవై లక్షల అంకెలు ఎవ్వలు సూస్తరు? అయినా దీని గురించి కొన్ని సంగతులు నేను కండ్లు మూసుకుని చెప్పగలను. కంప్యూటర్ లోపల రాసుకున్నట్టు రాస్తే దీంట్ల ఒక్క సున్నా ఉండదు, మొదటి నుంచి ఆఖరి దాంక అన్నీ ఒకట్లే. మనం రాసుకునే తీరుల దీని ఆఖరి అంకె ఏడు.”

“సూడకుండనే ఎట్ల తెల్సు అక్కా?” ఒక అమ్మాయి అడిగింది.

“రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. ఆఖరి అంకెలు సూడుండ్రి. రెండు, నాలుగు, ఎనిమిది, ఆరు, మళ్లీ రెండు. నాలుగు అడుగులకోసారి తిరిగి వస్తనే ఉంటది, ఎన్ని కోట్లసార్లు పోయినా సరే. ఎన్నిసార్లు గుణించినమో దాన్ని నాలుగుతో భాగిస్తే మూడు మిగిలింది. అంటే ఎనిమిది దగ్గర ఆగింది. ఒకటి తీసేస్తే ఏడు.”

హాలులో వేళ్ల మీద లెక్కపెట్టుకోవడాలు, గుసగుసలు మొదలయ్యాయి. “అవును!” అని ఒకరిద్దరు పైకే అన్నారు. అప్పుడు వెనక వరసలోంచి ఇంకో అమ్మాయి లేచింది. సందేహిస్తూ సందేహిస్తూనే అడిగింది.

“మరి ఆఖరికి అది ప్రధాన సంఖ్య కాలేదు గదక్కా. గన్ని నెలలు చేసినందుకు మీకు బాధ కాలేదా?”

జ్యోతిరాణి ఆ పిల్ల వైపు తిరిగింది.

“కాలేదమ్మా. దొరికితే పేపర్ల పేరొస్తుండె, అబద్ధమెందుకు, గది నాకూ ఇష్టమే. కానీ ఈ సంఖ్య లోకం పుట్టకముందు సంది ఇట్లనే ఉన్నది. తెగుతదా తెగదా అన్నది ఎప్పటికీ ఒక్కటే జవాబు, మనం పుట్టినా పుట్టకున్నా. గా జవాబు మనుషులల్ల ఎవ్వరికీ పక్కాగ తెల్వకుండె. ఇప్పుడు తెల్సు. తెల్సిన ముగ్గురిల నేనొకదాన్ని... కాదు, ఇద్దరిలనే. మొదటాయనది జారింది గదా.”

హాలంతా ఘొల్లున నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ముందు వరసలో తారాబాయి మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, పక్కనున్న ప్రిన్సిపాల్‌తో “మాఝీ ముల్గీ” అన్నది. నా పిల్ల అని. ఆమెకు సంతోషమైతే మరాఠీయే ముందొస్తుంది.

సభ అయ్యాక కంప్యూటర్ ల్యాబ్ చూసే సార్, సంక్రాంతి సెలవులూ ఎండాకాలం సెలవులూ ల్యాబ్‌లో ఇన్ని కంప్యూటర్లు ఊరికే పడి ఉంటాయి, వాటికి కూడా సంఖ్యలు ఇప్పిస్తారా అని అడిగాడు. అమ్మాయిలు అప్పుడే ఏ కంప్యూటర్ ఎవరిదో పంచుకోవడం మొదలుపెట్టారు. జ్యోతిరాణి ఒప్పుకుంది. ఒకే ఒక్క షరతు పెట్టింది. ముందు అందరూ ముప్పై ఒకటిని చేత్తో చేసి చూపించాలి. సున్నా ఎట్లా వస్తుందో ఒక్కసారైనా తమ చేతులతో రప్పించనిదే మెషిన్‌కు అప్పజెప్పనివ్వనన్నది.

చీకటి పడకముందే తండ్రీ కూతుళ్లు బస్సెక్కారు. జనం నిండుగా ఉన్నారు. జ్యోతిరాణికి ముందు లేడీస్ సీట్లలో చోటు దొరికింది, కైలాసం వెనక ఒక రైతు పక్కన సర్దుకున్నాడు. ఆ రైతు ఖానాపూర్ వైపు మనిషి, కాళ్ల దగ్గర వరి విత్తనాల సంచి పెట్టుకున్నాడు. కైలాసం చేతిలోని శాలువా, పూలదండ చూసి ఎవరికి సన్మానమైందని అడిగాడు.

“నా బిడ్డకు” అన్నాడు కైలాసం. ముందు సీటులో కనిపిస్తున్న ఆమె జడ వైపు గడ్డంతో చూపించాడు. “లెక్కలల్ల. ఒక పెద్ద సంఖ్య సంగతి తేల్చింది.”

“గట్లనా! ఎంత పెద్దది?”

కైలాసం తల కొంచెం పైకెత్తాడు. వెనక్కి తిరిగి వింటున్న కూతురిని గమనించలేదు.

“నేను సూడలే. ఎవ్వలు సూడలే. సూసేటంత చిన్నది కాదది” అన్నాడు, బస్సు మొత్తానికీ వినిపించేంత గొంతుతో. “గానీ ఆఖర్ల మాత్రం ఏడే ఉంటది. ఎందుకో చెప్త, ఇను.”

రైతు సంచి మీద నుంచి కాలు తీసి సరిగ్గా తిరిగి కూర్చున్నాడు. కైలాసం కుడిచేతి వేళ్లు విప్పి రెండుతో మొదలుపెట్టాడు.